పదిహేడు రూపాయల డెబ్బై పైసలు

నేను లెక్కల మాస్టారిని. తెనాలి చుట్టుపక్కల బడుల్లో ఏళ్ళ తరబడి పిల్లలకు వడ్డీ లెక్కలు, లాభనష్టాలు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. డబ్బు విషయంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నిట్లోకీ పెద్దదానిలో లెక్క ఎక్కడా తప్పలేదు. కూడిక సరిపోయింది, శాతం సరిపోయింది, రూలు కూడా నా పక్షానే ఉంది. అందుకే అది తెలివితక్కువ పనేనని ఒప్పుకోవడానికి నా మనసు చాలాకాలం మొరాయించింది.

అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. నాన్న పోయాక కూడా పొన్నూరు దగ్గర మా ఊళ్ళోనే, ఆ పాత ఇంట్లోనే ఉంటోంది. తెనాలి రమ్మంటే ‘నా పెరడు ఎవడు చూస్తాడ్రా’ అంటుంది. బ్యాంకు వ్యవహారమంతా నాదే. 2022 మార్చిలో పాస్‌బుక్కు ప్రింటు వేయించి చూస్తుంటే ఒక వరుస దగ్గర కన్ను ఆగింది. ఎస్సెమ్మెస్ చార్జీలు, రూ.17.70. పేజీ వెనక్కి తిప్పాను. మూడు నెలల కిందటా అంతే, అంతకు ముందు మూడు నెలలకూ అంతే. చార్జీ పదిహేను రూపాయలు, దాని మీద నూటికి పద్దెనిమిది చొప్పున జీఎస్టీ రెండు రూపాయల డెబ్బై పైసలు. ఏడాదికి రూ.70.80.

డెబ్బై రూపాయలతో అమ్మకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. అమ్మ ఖాతాలో మూడు నెలలకు జరిగే లావాదేవీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెన్షన్ పడుతుంది, అందులో కొంత తీసుకుంటుంది, వడ్డీ జమ అవుతుంది. టోకున కొనే సంస్థలకు ఒక్కో మెసేజ్ పది, ఇరవై పైసల మధ్య పడుతుంది. ఆ లెక్కన అమ్మకు పంపినవాటికి బ్యాంకు పెట్టిన ఖర్చు రెండు రూపాయలు దాటదు. పైగా ఈ చార్జీ వాడినంత మేరకే వేయాలని రిజర్వు బ్యాంకు 2013 నవంబరు 26నే బ్యాంకులకు చెప్పి ఉంది. ఎన్ని పంపారో చూడకుండా అందరికీ ఒకే మొత్తం కోయడం ఆ మాటకు విరుద్ధమని నాకు తెలుసు.

అంత తెలిసినవాణ్ణి, చార్జీ మీద ఫిర్యాదు రాయాల్సింది. రాయలేదు. ‘ఈ ఖాతాకు ఎస్సెమ్మెస్ సేవ అవసరం లేదు. ఇకపై చార్జీలు వసూలు చేయవద్దు’ అని తెల్లకాగితం మీద రాసి, అమ్మ చేత సంతకం పెట్టించి కౌంటర్లో ఇచ్చాను. అక్కడున్న అమ్మాయి కాగితం చదివి తలెత్తి, “పెద్దావిడ అకౌంటు కదా మాస్టారూ, ఉంచుకోండి” అంది.

“పెద్దావిడ కాబట్టే అడుగుతున్నానమ్మా. ఆవిడకు ఇంగ్లీషు రాదు. చదవలేని మెసేజ్‌కి డబ్బెందుకు కట్టాలి?” అన్నాను.

ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా నకలు మీద ముద్ర వేసి ఇచ్చింది. మర్నాడు స్టాఫ్‌రూములో ఆ నకలు అందరికీ చూపించాను. ఇద్దరు తోటి మాస్టార్లు తమకూ అలాంటిది రాసిపెట్టమన్నారు. రాసిపెట్టాను.

మెసేజ్ అందుకున్నవాడు డబ్బు కట్టడమనేది నాకు మొదటినుంచీ మింగుడుపడని సంగతి. 2003 దాకా మన దేశంలో సెల్‌ఫోనుకు కాల్ వస్తే ఎత్తినవాడికీ బిల్లు పడేది. ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోను కొన్నవాళ్ళలో నేనొకణ్ణి. కాబట్టి, వచ్చేదానికి డబ్బుండదన్న నమ్మకం నాలో గట్టిగా పాతుకుపోయింది. 2008లో తమ్ముడు అమెరికా వెళ్ళాడు. పండక్కో పుట్టినరోజుకో మెసేజ్ పెడుతుంటే ఒకరోజు ఫోన్‌లో, “అన్నయ్యా, మెయిల్ రాయి, మెసేజ్‌లు వద్దు. ఇక్కడ వచ్చినదానికి కూడా ఇరవై సెంట్లు పడుతుంది” అన్నాడు. నేను నమ్మలేదు. డాలర్లు చూడగానే వాడికి పిసినారితనం పట్టుకుందని అమ్మ దగ్గరే అన్నాను. వాడు చెప్పింది నిజం. అక్కడ మెసేజ్‌ల ప్యాకేజీ లేనివాళ్ళకు పంపినా, అందుకున్నా చార్జీ పడేది. 2005లో పది సెంట్లున్నది ఇరవై ఎందుకయిందో చెప్పమని హెర్బ్ కోల్ అనే సెనేటరు అదే 2008లో నాలుగు పెద్ద ఫోను కంపెనీలకు లేఖ రాశారు. ఈ సంగతి చాలా ఏళ్ళకు చదివి తమ్ముడికి ఫోన్ చేసి క్షమించమన్నాను. వాడికి ఆ మాటే గుర్తులేదు. అమ్మకు మాత్రం గుర్తుంది. ఆవిడ ముందు తమ్ముణ్ణి తక్కువ చేసి మాట్లాడినందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అలాగని మెసేజ్‌లకు నేను ఎప్పుడూ డబ్బు పెట్టలేదనీ కాదు. 2007లో స్టార్ ప్లస్‌లో షారుక్ ఖాన్ నడిపిన కౌన్ బనేగా కరోడ్‌పతిలో ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళకోసం ఒక ప్రశ్న వేసేవారు. జవాబు మెసేజ్ చేయాలి, గెలిస్తే రెండు లక్షలు. ఒక్కో మెసేజ్‌కు రూ.2.40. నేను పంపాను. ఆ రెండు రూపాయల నలభై పైసల్లో ఫోను కంపెనీకి ఎంత, టీవీవాళ్ళకు ఎంత, బహుమతి సొమ్ము ఎవరి జేబులోది అని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆలోచించినవాళ్ళు ఉన్నారు. ఒక వినియోగదారుల సంఘం కేసు వేస్తే, బహుమతులు మెసేజ్‌ల రాబడిలోంచే ఇచ్చారని, ఆ సంగతి జనానికి చెప్పకపోవడం తప్పని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కోటి రూపాయలు కట్టమంది. 2019లో సుప్రీంకోర్టు, అందుకు ఆధారాలు లేవని ఆ తీర్పును కొట్టేసింది. తీర్పుల మాట అటుంచితే, ముక్కూమొహం తెలియని పోటీకి అడిగినంత ఇచ్చినవాణ్ణి అమ్మ ఖాతాకు కాపలా కాసే మెసేజ్‌ల దగ్గర పైసాపైసా లెక్కపెట్టాను.

మెసేజ్ ఖర్చు ఎవరిదో నేను నిదానంగా తెలుసుకున్నది తర్వాత అమ్మ ఖాతాలో డబ్బు పోయాకే. ఆన్‌లైన్‌లో చెప్పులు కొన్నా, రైలు టికెట్టు తీసినా వచ్చే ఓటీపీకి పంపిన సంస్థే కడుతుంది. అది ఒక టోకు సంస్థకు కడితే, ఆ సంస్థ ఫోను కంపెనీకి కడుతుంది. పంపేవాళ్ళ వైపు ఫోను కంపెనీ నుంచి, మెసేజ్‌ను మన చేతికి చేర్చే కంపెనీ ఒక్కోదానికి ఐదు పైసల దాకా తీసుకోవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. 2018లో వచ్చిన ఆ నిబంధనల ప్రకారమే పంపేవాళ్ళు తమ పేరును, పంపబోయే వాక్యాన్ని ముందుగా నమోదు చేయించుకోవాలి. నమోదైన వాక్యంతో సరిపోలకపోతే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. 2021 మార్చి 8న ఈ వడపోత మొదలైన రోజు దేశమంతటా ఓటీపీలు అందక గగ్గోలు పుట్టి, ట్రాయ్ దాన్ని వారం వాయిదా వేసింది.

ఉచిత మెసేజ్‌ల కాలం ఒకటి ఉండేది, అప్పుడూ ఎవరో ఒకరు కట్టారు. హైదరాబాదు నుంచే నడిచిన 160 బై 2 లాంటి సైట్లలో మా పిల్లలు రోజంతా మెసేజ్‌లు పంపుకునేవాళ్ళు. మెసేజ్‌కు పట్టే నూట అరవై అక్షరాల్లో సగం మనకు, సగం ప్రకటనకు. ప్రకటన ఇచ్చినవాడే ఖర్చు భరించేవాడు. ఇప్పుడు అమ్మే కంపెనీ ఆ పైసల్ని సరుకు ధరలో కలిపేస్తుంది కాబట్టి మనకు కనపడదు. బ్యాంకు దాన్ని విడిగా పాస్‌బుక్కులో చూపిస్తుంది. ఉత్తరాల కాలంలో బిళ్ళ అంటించని ఉత్తరం వస్తే పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి రెట్టింపు అడిగేవాడు. బేరింగు ఉత్తరం అనేవాళ్ళం. పంపినవాడి మీది కోపంతో ఉత్తరాన్ని తిప్పి పంపిన ఇళ్ళు నాకు తెలుసు, లోపల ఏముందో చూడకుండానే. నేను చేసింది సరిగ్గా అదే.

మా ఊళ్ళో అమ్మకొచ్చే బ్యాంకు మెసేజ్‌లు ఎలా చదివేవారో నాకు తెలియదని కాదు. అమ్మది బటన్ల ఫోను. అది మోగగానే ఎదురింటికి పట్టుకెళ్ళేది. ఆ ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉండేది. “చూడవే, పెన్షన్ పడిందేమో” అంటే, “పడింది మామ్మగారూ” అని ఆ పిల్ల అంకెలు చదివి చెప్పేది. ఆ వంకన ఇద్దరూ కాసేపు కబుర్లు చెప్పుకునేవారు. నేను కాగితం ఇచ్చిన రెండు నెలలకు అమ్మ అడిగింది, “ఈమధ్య ఫోను మోగడంలేదేంరా?” అని. “నేనే తీయించానమ్మా, డబ్బు దండగ” అన్నాను. “అంతేనా, సరే” అంది. నా మాట మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది.

ఇంగ్లీషు రాదు కాబట్టి వద్దన్న నా వాదన కూడా తొందరపాటుదే. తెలుగులో ఎందుకు పంపరని అడిగి ఉంటే న్యాయంగా ఉండేది. తర్వాత తెలుసుకున్నాను, దానికీ ఖర్చుతోనే ముడి ఉంది. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు నూట అరవై అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో డెబ్బైయే. ఆ డెబ్బై కూడా మనం లెక్కపెట్టే తీరులో కాదు. ‘బ్యాంకు’ మన కంటికి రెండక్షరాలు. అక్కడ బకారం ఒకటి, పొల్లు ఒకటి, యకారం, దీర్ఘం, సున్నా, కకారం, కొమ్ము కలిపి ఏడు. కాస్త పొడుగు వాక్యం రాస్తే ఒక మెసేజ్ రెండవుతుంది, రెండింటికీ పంపినవాళ్ళు కట్టాలి. అయినా ‘మీ ఖాతా నుంచి రూ.10,000 తీశారు’ అన్న వాక్యాన్ని ఆ పద్ధతిలోనే లెక్కపెట్టి చూశాను. ముప్పై. డెబ్బైలో హాయిగా పడుతుంది. ఆ ఒక్క వాక్యం తెలుగులో వచ్చే ఏర్పాటుంటే అమ్మ తనే చదువుకునేది. అడగాల్సినవాణ్ణి ఆ రోజు కౌంటరు దగ్గరే ఉన్నాను, నోరు కూడా ఉంది. వేరేదానికి వాడాను.

2023 ఫిబ్రవరిలో అమ్మ ఖాతా నుంచి మూడుసార్లు పదేసి వేలు పోయాయి. ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలో. బ్యాంకు మిత్ర దగ్గర చిన్న యంత్రం మీద వేలు పెడితే డబ్బిస్తారే, అది. దానికి ఓటీపీ ఉండదు, పిన్ను ఉండదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. డబ్బు పోయిందని ఖాతాదారుకు తెలిపేది ఆ తర్వాత వచ్చే మెసేజ్ ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ నేను ఆపించాను. అమ్మ వేలిముద్ర ఎక్కడ దొంగిలించారో ఎవరూ తేల్చలేదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, భూముల దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి పట్టుబడ్డాడు. నాన్న పోయాక పొలం పంపకాలప్పుడు అమ్మా దస్తావేజుల మీద వేలిముద్రలు వేసింది. అంతకన్నా నాకేమీ తెలియదు.

మార్చి చివర్లో పాస్‌బుక్కు వేయించినప్పుడు గాని చూడలేదు. చూశాక చేసిన పని ఈ మొత్తంలో చెప్పడానికి నాకు అన్నిటికంటే కష్టమైనది. ఎదురింటికి వెళ్ళి ఆ పిల్లను అడిగాను. “మామ్మగారి ఫోను, కాగితాలు నువ్వే చూస్తుంటావు కదా, ఎవరికైనా చూపించావా?” అని. వాళ్ళమ్మ అక్కడే ఉంది. పిల్ల మొహం ఎర్రబడింది, జవాబు చెప్పలేదు. వాళ్ళమ్మ చెప్పింది. “ఏడాదయింది మాస్టారూ మామ్మగారి ఫోనుకు బ్యాంకు మెసేజ్ వచ్చి. మా పిల్ల చూడ్డానికి ఏముంది?” అంది. అమ్మ మాతో పాటే నిలబడి ఉంది. దారిలో నన్నేమీ అనలేదు గానీ ఇంటికొచ్చాక, “ఆ పిల్ల చదివి చెప్పి ఉంటే మొదటిరోజే తెలిసేదిరా” అంది. ఆ సాయంత్రమే తిరిగి వెళ్ళి తల్లినీ పిల్లనీ క్షమించమని అడిగాను. తల్లి మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు అమ్మ దగ్గరికి వస్తుంది, నేనుంటే గుమ్మం దగ్గరే మాట్లాడి వెళ్ళిపోతుంది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. బ్యాంకుకు రాసిచ్చాను. అప్పుడు చదివాను, 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు. ఖాతాదారు తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా బయటివాడు డబ్బు కాజేస్తే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పినవాళ్ళకు ఒక్క పైసా నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు నష్టం పదివేలు దాటదు. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ప్రకారం. ఆ రోజులు ఎప్పటినుంచి లెక్కపెడతారు? బ్యాంకు నుంచి ఖాతాదారుకు సమాచారం అందిన దగ్గర్నుంచి. ఆ సమాచారమంటే మెసేజే. కట్టడానికి నాకు ఇష్టంలేని ఆ చార్జీ, అమ్మకు మూడు రోజుల గడువును తెచ్చిపెట్టే చార్జీ. మొదటి పదివేలు పోయినరోజే ఆ ఫోను మోగి ఉంటే మిగతా ఇరవై పోయేవే కావు, ఆ పదీ తిరిగి వచ్చేవి.

ఎలక్ట్రానిక్ లావాదేవీలకు మెసేజ్ తప్పనిసరిగా పంపాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదేనని ఉంది. ఇవి పట్టుకుని వాదించాను. మేనేజరు ఫైల్లోంచి నా కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నా దస్తూరీ, కింద అమ్మ సంతకం. చివరికి ఒక విడత పదివేలు తిరిగి పడ్డాయి. ఇరవై వేలు పడలేదు. అవి నేను అమ్మకు ఇచ్చాను. ఆవిడ వద్దంది, తీసుకునేదాకా నేను ఊరుకోలేదు.

ఖర్చు ఎవరు భరించాలన్న విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఇప్పుడు ఇంకా గట్టిగా అంటాను. ఖాతా కాపాడే మెసేజ్ ఖర్చు బ్యాంకే పెట్టుకోవాలి. పంపమని రూలు చెప్పాక దానికి ఖాతాదారు దగ్గర విడిగా వసూలు చేయడం ఏ లెక్కన సరి? స్టేట్ బ్యాంకు 2020 ఆగస్టులో పొదుపు ఖాతాదారులకు ఈ చార్జీ ఎత్తేసింది. చేయాలనుకుంటే చేయొచ్చు. ఇంకో వైపు, 2024 జూన్‌లో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు యూపీఐలో వంద రూపాయలలోపు పంపినా, ఐదు వందలలోపు అందుకున్నా మెసేజ్ ఉండదంది. చిల్లర లావాదేవీలకు ఫర్వాలేదనుకుందాం. కానీ వేలిముద్రతో తీసే డబ్బుకు మొత్తం ఎంతైనా మెసేజ్ పోవాల్సిందే, అదీ ఖాతాదారు చదవగలిగే భాషలో. ఆ డబ్బు తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది మా అమ్మలాంటి వాళ్ళే.

మెసేజ్ అందుకోవడం ఉచితమన్న నా పాత నమ్మకం మరో రకంగానూ నిలవలేదు. అమ్మ ఎవరికీ ఫోన్ చేయదు, చేసేది మేమే. అయినా నెలనెలా ఆ ఫోనుకు రీచార్జి చేయిస్తున్నాను. 2018 చివర్లో ఫోను కంపెనీలు ఇరవై ఎనిమిది రోజులకు రూ.35 కనీస రీచార్జి పెట్టినప్పటి నుంచి, సిమ్ పనిచేయాలంటే ఎంతోకొంత కట్టాలి. ఇప్పుడు అది అంతకు ఎన్నో రెట్లు. ఆ లెక్క ముందు మూడు నెలలకు పదిహేడు రూపాయలు ఎంత? రీచార్జి మానలేదు గానీ, రీచార్జి చేయించిందే దేనికోసమో ఆ మెసేజ్‌ను మాన్పించాను.

అమ్మ ఖాతాకు మెసేజ్‌లు మళ్ళీ పెట్టించాను. ఆధార్ వేలిముద్రను లాక్ చేయించాను. దానికి ఖర్చేమీ లేదు. చార్జీ పడిన ప్రతిసారీ, వాడినంతకే తీసుకోవాలన్న 2013 నాటి మాట ఉదహరిస్తూ బ్యాంకుకు ఉత్తరం రాస్తున్నాను. మొదటిసారే చేయాల్సిన పని అది.

నా చేత కాగితం రాయించుకున్న ఇద్దరు మాస్టార్లకూ జరిగిందంతా చెప్పాను. ఒకాయన మర్నాడే వెళ్ళి మెసేజ్‌లు పెట్టించుకున్నారు. రెండో ఆయన “మన ఖాతాలో ఏముందండీ దోచుకోవడానికి” అంటూ దాటవేస్తున్నారు. ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు, కూతురి పెళ్ళికని దాచింది, అందులోనే ఉంది. సోమవారం నేనే వెళ్ళి ఆయన్ని వెంటబెట్టుకుని బ్యాంకుకు తీసుకెళ్తున్నాను.